నురగ తీసిన గంజి

రాఘవమ్మ గేదె చూడిదో కాదో పొద్దు వాలేలోగా తేలిపోవాలి. తేలకపోతే బేరగాడు బుడాన్ కొత్త పలుపు కట్టి తోలుకుపోతాడు. మాట ఇచ్చింది ఆమె కాదు, బావగారు పిచ్చయ్య. ఆమె భర్త పోయిన దగ్గర్నుంచి ఇంటి బేరాలన్నీ ఆయనే మాట్లాడుతున్నాడు. మిరపచేలో పని, ఆయిలింజను నడపడం, గొడ్డును చూసుకోవడం మాత్రం రాఘవమ్మ వంతు.

ఎదకు వచ్చినప్పుడు రెండుసార్లు సూది వేయించినా గేదె చూలు నిలుపుకోలేదు. మూడోసారి వేయించి నలభై రోజులయింది. ఈసారి నిలిచిందని ఆమె మనసుకు గట్టిగా తోస్తోంది. ఎందుకంటే మళ్ళీ ఎదకు రాలేదు, అంతకుమించి చెప్పడానికేమీ లేదు. అరుపూ చప్పుడూ లేకుండా మూగ ఎదకు వచ్చి ఉంటుంది, నీకు తెలిసుండదు అన్నాడు పిచ్చయ్య. అదీ కొట్టిపారేసే మాట కాదు.

సరిగ్గా ఆ రోజే పశువైద్య కాలేజీ వాళ్ళు ఊళ్ళో శిబిరం పెట్టారు. అది రెండువేల ఏడో సంవత్సరం, మిరపకోతలు మొదలైన రోజులు. కడుపులో ఏముందో బొమ్మ చూపించే పెట్టె తెచ్చారని తెలిసి రాఘవమ్మ బావగారి దగ్గరకు వెళ్ళింది. ఆయన కాసేపు ఆలోచించి, పెట్టెలో చూలు కనబడితే బేరం మానుకుందాం, కనబడకపోతే ఇచ్చిన మాట మాటే అన్నాడు.

బడి ఆవరణలో నాలుగు గుంజలు పాతి, మధ్యలో గొడ్డును నిలబెడుతున్నారు. ముప్పై గేదెల తర్వాత గాని రాఘవమ్మ వంతు రాలేదు. అప్పటికే బుడాన్ భుజాన కొత్త పలుపు వేసుకుని వచ్చి గోడ నీడన కూర్చున్నాడు.

పరీక్ష చేసేది శ్రీరమ్య అనే చివరి సంవత్సరం అమ్మాయి. భుజం దాకా తొడుగు వేసుకుంది. పెట్టెకు తాడులాంటి తీగ, దాని చివర బొటనవేలంత పనిముట్టు ఉన్నాయి. దాన్నీ ఒక తొడుగులో పెట్టి గేదె వెనక నుంచి లోపలికి పోనిచ్చింది. తెర మీద తెల్లటి అడ్డగీతలు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. అవే గీతలు.

"ఖాళీయేగా అమ్మాయ్?" అన్నాడు వెంట వచ్చిన పిచ్చయ్య.

ఖాళీ అని చెప్పలేనండీ, అసలు ఏమీ కనబడటం లేదు అంది శ్రీరమ్య. పనిముట్టుకూ తొడుగుకూ మధ్య పూసే జెల్లీ ఇందాకటి గేదెతో అయిపోయిందట. నీళ్ళు పోసి చూసింది గాని, చెయ్యి కదిలేసరికి అవి పక్కకు జారిపోతున్నాయి. ఆమె మాస్టారు డాక్టర్ జానకిరామయ్య గారు వచ్చి తెర చూసి తల అడ్డంగా ఆడించారు. చేత్తో తడిమి చెప్పాలంటే రెండు నెలలు దాటాలి, నలభై రోజులకు ఈ పెట్టే దిక్కు, వచ్చే నెల మళ్ళీ వస్తాం అప్పుడు తీసుకురండి అన్నారు.

వచ్చే నెలకు గేదె ఏ ఊళ్ళో ఉంటుందో రాఘవమ్మకు తెలియదు. ఆమె కదల్లేదు.

"జెల్లీ లేకపోతే ఏమవుద్ది తల్లీ?" అని అడిగింది.

శ్రీరమ్య చెయ్యి బయటికి తీసి ఓపిగ్గా చెప్పింది. ఈ పనిముట్టు మన చెవికి వినబడని శబ్దం పంపుతుంది. అది లోపల కండకూ ఎముకకూ తగిలి వెనక్కి వస్తే ఆ జాడను బట్టి పెట్టె బొమ్మ గీస్తుంది. నీళ్ళున్న చోట నల్లగా కనబడుతుంది. మధ్యలో పిసరంత గాలి ఉన్నా శబ్దం దాన్ని దాటలేదు, అక్కడి నుంచే తిరిగొచ్చేస్తుంది.

"గాలి పట్టిందా!" అంది రాఘవమ్మ. ఆమె మొహం విప్పారింది. "మా ఇంజనుకూ అంతే. పంపులో గాలి పట్టిందంటే ఎంతసేపు తిరిగినా చుక్క నీళ్ళు ఎక్కవు. బుడగలు ఆగిందాకా నిండా పోసి అప్పుడు తిప్పాల. నీకు నీళ్ళు నిలవకపోతే, నిలిచేది పోద్దాం. గంజి పనికిరాదా?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. పిచ్చయ్య అయితే, డాక్టర్ల పెట్టెకు కుడితి పెడతావా అని వేళాకోళం చేశాడు. జానకిరామయ్య గారు మాత్రం నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ, తొడుగు లోపలేగా, గొడ్డుకు హానేమీ లేదు, ఉప్పు వేయనిదైతే తీసుకురండి, పనయ్యాక వెంటనే కడిగేద్దాం అన్నారు.

గేదె కుడితి కోసమని పొద్దున వార్చి ఉంచిన గంజి ఇంట్లో ఉంది. చల్లారి, చీరకు పెట్టేంత చిక్కగా తయారైంది. రాఘవమ్మ దాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి గిన్నెతో తెచ్చింది. శ్రీరమ్య గబగబా తొడుగులో ఒంపబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు తల్లీ. పైన నురగ ఉంది చూడు. నురగంటే గాలేగా?"

శ్రీరమ్య నాలుక కరుచుకుంది. రాఘవమ్మ నురగంతా చెంచాతో తీసేసింది. తొడుగును వాలుగా పట్టుకోమని, పక్క నుంచి సన్నని ధారగా పోసింది. తర్వాత పనిముట్టు దింపి, మిగిలిన ఒకటి రెండు బుడగల్ని వేళ్ళతో పైకి నెట్టి మూతి బిగించారు.

ఈసారి తెర మీద గీతలు లేవు. బూడిదరంగు మబ్బుల్లాంటివి కదిలాయి. ఆ మబ్బుల మధ్య నల్లటి మడుగు ఒకటి తేలింది. అది నీరు అంది శ్రీరమ్య. చెయ్యి వెంట్రుకవాసి పక్కకు జరిపింది. మడుగులో చిక్కుడుగింజంత తెల్లటి రూపు కనబడింది. దాని నడుమ ఏదో టకటకా కొట్టుకుంటోంది.

"గుండె," అంది శ్రీరమ్య.

రాఘవమ్మ తెరకు దగ్గరగా వంగి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపు చూసినా ఆ గింజ ఆగలేదు. పిచ్చయ్య కండువా దులిపి, ఒకసారి కాదు రెండుసార్లు చూసి, బాగానే ఉంది అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మాట రాదు.

ఆమె గొంతు తగ్గించి శ్రీరమ్య చెవిలో, పెయ్యా దున్నా అని అడిగింది. పెట్టె మీద, పుట్టేది ఆడో మగో చెప్పడం నేరమని ఆసుపత్రుల్లో అంటించే కాగితం అంటించి ఉంది మరి. ఆ చట్టం మనుషులకేనమ్మా, గట్టిగానే అడగండి, కాకపోతే ఇంకో ఇరవై రోజులు ఆగితేగాని తెలియదు అన్నారు జానకిరామయ్య గారు. ఈసారి అందరితోపాటు ఆమె కూడా నవ్వింది.

బుడాన్ లేచి వచ్చి తనూ చూస్తానన్నాడు. ముప్పై ఏళ్ళుగా గొడ్ల పళ్ళూ పొదుగులూ చూసి బేరాలు చేసినవాడు, కడుపు లోపలికి ఎప్పుడూ చూడలేదు. చూసి, తలపాగా సర్దుకుని, భుజాన ఉన్న పలుపు తీసి రాఘవమ్మ చేతిలో పెట్టాడు.

"ఇదెందుకు? బేరం లేదుగా బుడానూ," అందామె.

"గేదెక్కాదమ్మా. వానాకాలం పోయాక ఆ గింజ బయటికొచ్చి ఊరంతా గంతులేస్తది. అప్పుడు కట్టెయ్యడానికి."

అతను సైకిలెక్కి మార్టూరు దారి పట్టాడు. శ్రీరమ్య పనిముట్టు కడుగుతోంది. వరసలో ఇంకా ఆరు గేదెలున్నాయి. రాఘవమ్మ పలుపు నడుముకు చుట్టుకుని, గిన్నెలో మిగిలిన గంజి ఎన్ని గేదెలకు సరిపోతుందో చూసి, పక్కింటి వెంకాయమ్మ కూడా పొద్దున వార్చే ఉంటుందని గుర్తొచ్చి గిన్నె పట్టుకుని బయల్దేరింది.