ఆకులకెవరు చెప్పారు?

వేందాం ఊళ్లో వుబ్బోకి కోపమొస్తే కాలువ నీళ్లు కాగి, పడవవాళ్లు అందులోనే గుడ్లు ఉడకబెట్టుకుంటారని చెప్పుకుంటారు. గుడ్ల మాట ఎలా ఉన్నా, కోపం మాత్రం నిజం.

దానికి మూలం పక్కింటి చాక్కో. అక్వేరియం సంఘం ఏటా ఇంటింటికీ వచ్చి నీటిమొక్కల తొట్లు చూసి మార్కులు వేస్తుంది. మూడేళ్లుగా ఇత్తడి ఫలకం చాక్కో గోడకే వేలాడుతోంది. పోయినేడైతే వుబ్బోకి ఒక్క మార్కే తగ్గింది.

"ఈసారీ రాకపోతే తొట్టి పీకేస్తా. ఆ చోట నీ టీవీ పెట్టుకో" అని భార్య హిల్లీకి మాటిచ్చేశాడు వుబ్బో.

వసంతంలో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. అడుగున సారమున్న మట్టి, పైన కడిగిన ఇసుక, మూడు రోజులు ఉడికించిన మొద్దు. ఒక్కో మొక్కనూ పట్టకారుతో నాటాడు. ఎర్రవి ఓ గుంపు, సన్నాకువి ఓ గుంపు, మధ్యన వెనక్కి పోయేకొద్దీ ఇరుకయ్యే పచ్చని వీధి. దీపం పదింటికి వెలిగి ఏడింటికి ఆరేలా ఓ చిన్న గడియారం తగిలించాడు.

వుబ్బో తొట్టికి పరీక్ష అక్టోబరు చివరి ఆదివారం, సాయంత్రం అయిదింటికి. ఏటా చలికాలం ముందు చేసినట్టే, ఆ తెల్లవారే దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంది. వుబ్బో కూడా గోడది, పొయ్యిది, చేతిది, ఆఖరికి దీపానిదీ తిప్పాడు. నాలుగింటికి ఆకులు చూసుకుని మురిసి, గడ్డం గీసుకోవడానికి పోయాడు.

అయిదు కొట్టేసరికి మార్కులు వేసే ఫెన్నా కాగితంతో సహా లోపల కూర్చుంది. హిల్లీ కాఫీతో ఒక బిస్కెట్టిచ్చి డబ్బా మూసింది. తొట్టిలో సన్నాకు మొక్కలన్నీ ముడుచుకుని, ముడిచిన గొడుగుల్లా నిలబడ్డాయి. వీధి మాయం.

"హిల్లీ! ఏం పోశావ్ ఇందులో?"

"తొట్టిలో పోయడమూ, పొంగడమూ ఈ ఇంట్లో నీ ఒక్కడి పనేనయ్యా. నాకేం తెలుసు!"

"చాక్కో గాడి పనే!"

"గోడలోంచి వచ్చి ఆకులు మడిచిపోయాడా?"

"నిద్రపోతున్నాయి వుబ్బో గారూ" అంది ఫెన్నా. "దీపం ఆరే గంట ముందే ముడుచుకుంటాయిగా. నిన్నటి లెక్కన ఇప్పుడు ఆరు."

"దీపం ఇంకా రెండు గంటలుంటుందండీ! గడియారం తిప్పాను!"

"దీపానికి చెప్పావు. ఆకులకెవరు చెప్పారు?" అంది హిల్లీ.

"మరి చాక్కోది?" అన్నాడు వుబ్బో.

"పొద్దున్నే చూశాం."

"రేపు పొద్దున రండి."

"కనబడ్డదానికే మార్కులండీ. అది నియమం."

"పడుకున్న పసిబిడ్డని లేపి పాట పాడమనే నియమమా? అక్కర్లేదు, పొండి!" వుబ్బో దీపం ఆర్పేశాడు. ఫెన్నా సాసర్లోంచి బిస్కెట్టు తీసి తానే నమిలేశాడు.

ఫలకం మళ్లీ చాక్కోకే. ఆ కబురు రాగానే వుబ్బో పళ్లు నూరుతూ బకెట్టు తెచ్చాడు. హిల్లీ తొట్టికి అడ్డం నిలబడింది.

"తప్పు దానిదా? అది నిన్నటి గంట ప్రకారం బుద్ధిగా పడుకుంది. పీకితే గడియారం పీకు."

వుబ్బో బకెట్టు విసిరికొట్టి, ఇంట్లో గడియారాలన్నీ మళ్లీ పాత గంటకే తిప్పేశాడు. శీతాకాలమంతా ఊరి లెక్కన పదకొండింటికే భోజనం. ఇంకా తెరవని రొట్టెల కొట్టు తలుపు బాదడం. "ఆకులే మేలుకున్నాయి, నీకేం రోగం?" అని కొట్టువాడి మీద అరుపు.

మార్చిలో దేశమంతా గడియారాలు మళ్లీ గంట ముందుకు తిప్పుకుని వుబ్బోని కలుసుకుంది.

"అయిదు నెలలు పట్టింది ఈ వెధవలకి!" అన్నాడు, కోపం రవ్వంతైనా తగ్గకుండా.