డునెడిన్ నుంచి గంటా యాభై నిమిషాలు

డునెడిన్ నుంచి ఆక్లాండ్‌కి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. విమానంలో గంటా యాభై నిమిషాలు. ఆదివారం సాయంత్రం నాలుగుంపావుకి దిగే మనిషి మౌంట్ రాస్కిల్ పేటలోని మా ఇంటికి ఎంత నత్తనడకన వచ్చినా ఐదింటికల్లా రావాలి. మా ఆయన శ్రవణ్ మాత్రం ఆరున్నరకి వస్తున్నాడు. అదీ ఈ చలికాలం నుంచే, అంటే ఇక్కడి లెక్కలో జూన్ నుంచే.

అడిగితే, "డైరెక్ట్ ఫ్లైట్ తీసేసిన్రు లవ్లీ. క్రైస్ట్‌చర్చ్ మీదికెల్లి వస్తున్న," అన్నాడు. చూపు నా మీద లేదు, షూ లేసుల మీద ఉంది.

లవ్లీ అంటే నేనే, నా పేరే అది. నేను నర్సుని. నొప్పి లేదని బుకాయించే మొహాలు రోజూ చూస్తాను, నా దగ్గరా ఈ వేషాలు! ఫోన్‌లో ఎయిర్‌పోర్ట్ వాళ్ళ పేజీ తీశాను. డైరెక్ట్ ఫ్లైట్ నిక్షేపంగా ఉంది. నాలుగుంపావుకే దిగుతోంది.

ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. వారం వారం బుధవారం వెళ్ళి ఆదివారం మధ్యాహ్నం దాకా డునెడిన్ హాస్పిటల్‌లో ఎక్స్‌రేలు తీస్తాడు. మిగతా రోజులు ఇంట్లోనే. మరి ఆ రెండు గంటలూ ఎవరికి? చొక్కాలు వాసన చూశాను, ఫోన్ వెతికాను. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. నాకు ఐదో నెల. పుట్టబోయే బిడ్డకి తండ్రి ఉంటాడో ఉండడో తేల్చుకోవాలి కదా.

ఆ ఆదివారం కారేసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి ఓ స్తంభం చాటున నిలబడ్డాను. శ్రవణ్ వచ్చాడు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని గోడ గడియారం చూస్తున్నాడు. చాలాసేపు అలాగే చూశాడు. ఆవిడగారు ఆలస్యం కాబోలు అనుకున్నాను. కాళ్ళు లాగుతున్నాయి, ఒళ్ళు మండిపోతోంది. ఇక ఆగలేక వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఎవరి కోసం?"

ఉలిక్కిపడి లేచాడు. "ఎవ్వరి కోసం కాదు. ఆరు దాక రాహుకాలం. అయినంక వస్తున్న ఇంటికి."

"ముహూర్తాలూ అవీ నమ్మనని మా పాస్టర్ గారి ముందు చెప్పి మరీ పెళ్ళి చేసుకున్నావు. ఎప్పటి నుంచి ఈ చాదస్తం?"

"పోయిన నవంబర్ల..." ఆగాడు. "ఆ ఆదివారం సీదా ఇంటికొచ్చిన. ఐదు గూడ కాలే. ఆ రాత్రే నిన్ను హాస్పిటల్‌కి తీస్కపోయిన. బిడ్డ దక్కలే. నేనివన్నీ నమ్మ లవ్లీ. కానీ నీకు నెల తప్పినంక మల్ల ఆ టైముల మన తలుపు తీయాలంటే చెయ్యి వస్తలేదు. చెప్తే నవ్వుతవని చెప్పలే."

నవంబరు గురించి ఈ మనిషి ఇన్నాళ్ళూ ఒక్క మాట మాట్లాడలేదు. మర్చిపోయాడనుకున్నాను. ఆ కోపం కూడా లోపల పెట్టుకునే తిరుగుతున్నాను. నాకు ఏడుపొచ్చింది.

నేను చర్చిలో పెరిగినదాన్ని. రాహువు ఎవరో, కాలం ఎప్పుడో నాకు పట్టదు. గడియారంలో ఐదుంపావు అయింది.

"నువ్వు పో ఇంటికి, ఆకలైతుండొచ్చు," అన్నాడు.

"ఆరు దాటాకే వెళ్దాం," అని అతని పక్కన కూర్చున్నాను.