ఏడు కనుమలు, చిన్న తెర

తాజిగుల్ ఫోనును స్వెట్టరు అంచుతో తుడిచి, అద్దం మీద ఊపిరి ఊది, మళ్ళీ తుడిచింది. ముందురోజు వేలిముద్రలు పూర్తిగా పోతేగాని ఆమెకు కొత్త ఆట మొదలుపెట్టబుద్ధి కాదు. బల్లమీద ఇంకా చాలా ఫోన్లు వరసగా ఆరబెట్టిన రొట్టెల్లా ఉన్నాయి. అన్నీ చవకరకం. కొన్నిటికి మూలలు పగిలాయి. ఒకదాని వీపు ఊడిపోతే టేపు చుట్టారు. "మన ఆట కొనేవాళ్ళ చేతుల్లో ఉండేవి ఇవే అక్కా" అంటూ ఎర్మెక్ వాటిని బజారులో పాత సామాన్ల దగ్గర ఏరి తెచ్చాడు.

కిటికీ బయట బిష్కెక్ నగరమే లేదు. చలికాలం కదా, ఇంటింటా బొగ్గుపొయ్యిలు రాజేశారు. ఆ పొగ కిందికి దిగి వీధిని మింగేసింది. ఎదురుగా ఉన్న పాప్లార్ చెట్లు సగం గీసి చెరిపేసినట్టున్నాయి. పట్టపగలే దీపాలు వెలుగుతున్నాయి.

ఆమె విశాలమైన భుజాలున్న పొట్టి మనిషి. చిన్నప్పుడు కొండగాలికి కందిన బుగ్గలు, యాభై దాటినా ఆ ఎరుపు వదలలేదు. వేళ్ళు లావు. కళ్ళజోడుకి ఎలాస్టిక్ తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. ఆ లావు వేళ్ళతో ఆ చిన్న తెర మీద పొద్దుటినుంచి సాయంత్రందాకా 'ఏడు కనుమలు' ఆడడం ఆమె ఉద్యోగం. ఎక్కడ తెర బిగుసుకుపోయింది, ఎక్కడ అక్షరాలు పేలగుడ్లంత అయిపోయాయి, ఎక్కడ తన వేలు కిందే తన సైన్యం కనపడకుండా పోయింది, అన్నీ ప్రోగ్రామరు మేరిమ్‌కి చెప్పాలి.

ఈ ఊళ్ళో ముప్ఫై దాటినవాళ్ళకి 'ఏడు కనుమలు' తెలియకపోవడం ఉండదు. కొండల మధ్య మీదొక చిన్న గూడెం. గొర్రెల్ని పెంచాలి, కట్టె కొట్టాలి, ఇనుము కరిగించాలి, కనుమలవతలి ఖాన్ దండెత్తి వచ్చేలోపు ఒక్కో కనుమకి కాపలా పెట్టుకోవాలి. పెద్ద కంప్యూటర్ల కాలంలో ఎంతమంది మగపిల్లలు బడి ఎగ్గొట్టి ఈ ఆటకి కళ్ళు పోగొట్టుకున్నారో తాజిగుల్‌కి బాగా తెలుసు. వాళ్ళ దగ్గర గంటకింత అని వసూలు చేసింది ఆమే. తను పనిచేసే కర్మాగారం మూతబడ్డాక ఒక నేలమాళిగలోని కంప్యూటర్ క్లబ్బులో గల్లాపెట్టె దగ్గర చాలా ఏళ్ళు కూర్చుంది. తరవాత అందరిళ్ళలోకీ ఇంటర్నెట్ వచ్చింది, క్లబ్బు పోయింది. ఆమె ఊళ్ళోని ఓష్ బజారులో ఉన్ని సాక్సులు అమ్ముకుంది. ఒకరోజు సాక్సులు బేరమాడుతున్న గడ్డం కుర్రాడొకడు ఆమె మొహంలోకి వంగి చూసి, "అక్కా, ఇంకో అయిదు నిమిషాలు ఆడుకోనివ్వరూ?" అన్నాడు. అతనే ఎర్మెక్. ఆ ఆటనే ఫోన్లలోకి దించే పని పెట్టుకున్నాడట. మర్నాటినుంచి ఆమెను పనిలోకి రమ్మన్నాడు.

మొదటి కనుమ దగ్గర పోరు అయిపోయింది. తాజిగుల్ కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగింది.

"మేరిమ్, చచ్చినవాళ్ళు పడటం లేదమ్మా."

పక్కబల్ల దగ్గర మేరిమ్ తల తిప్పకుండానే జవాబిచ్చింది. "పడిపోయే బొమ్మలు తీసేశాం కదక్కా, సైజు తగ్గాలని. దెబ్బ తగలగానే మాయమైపోతారు."

"మాయం కావడం లేదు. నిలబడి ఉన్నారు."

మేరిమ్ తన కంప్యూటర్లో ఏదో తెరిచి చూసింది. పాతికేళ్ళ పిల్ల, జుట్టు పెన్సిలుతో ముడేసుకుంటుంది. "ఇక్కడ లెక్కలో ఎవరూ లేరే. మైదానం ఖాళీ."

"ఇక్కడున్నారుగా."

ఆ పిల్ల లేచి వచ్చి చూసింది. మంచు మైదానంలో మనుషులు, చేతుల్లో విల్లులతో, కదలకుండా. చచ్చిన ఖాన్ మనుషులూ, గూడెం మనుషులూ కలిసిపోయి నిలబడ్డారు. గొర్రెలు వాళ్ళ మధ్యనుంచి జారుకుంటూ పోతున్నాయి. నడిచే బొమ్మలు కూడా సగం తీసేశారు గనక కాళ్ళు కదలవు, జారడమే. చప్పుడన్నది లేదు.

"మెమరీలో ఎక్కడో మిగిలిపోతున్నారు. చూస్తాను" అంది మేరిమ్. తెర మీదికి ఇంకాస్త వంగి, "అందరూ ఇటే చూస్తున్నారేంటి?" అంది.

"పొద్దుటినుంచీ ఇటే చూస్తున్నారు."

మధ్యాహ్నం మాంసం కూరిన వేడి సమ్సాల పొట్లంతో ఎర్మెక్ వచ్చాడు. కోటునిండా పొగవాసన. టీ పోసుకుని బల్ల అంచు మీద కూర్చున్నాడు. మర్నాడే ఆట బయటికి వదలాలి, ధర ఇంకా తేలలేదు.

"ఒక కప్పు టీ ధర పెడదాం" అన్నాడు. "దానికి మొదటి కనుమ ఒక్కటే. రుచి మరిగాక మిగతా ఆరూ ఒక్కోటీ విడిగా కొనుక్కుంటారు."

తాజిగుల్ సమ్సా చివర కొరికి ఆవిరి ఊదింది. "సాక్సులు నేనలా అమ్మలేదురా. ఒక కాలిది ఇచ్చి, రెండోది కావాలంటే మళ్ళీ డబ్బు తెమ్మనలేదు."

మేరిమ్ టీ గుటక మింగలేక దగ్గింది. ఎర్మెక్ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. "మరేం చెయ్యమంటారక్కా? కంప్యూటర్లో దీనికి మంచి భోజనమంత డబ్బు పెట్టారు జనం. ఫోన్లో అంత అడిగితే చూసి పక్కకి తోసేస్తారు. అన్నీ ఉచితంగా దొరకాలి వాళ్ళకి. పోనీ చవగ్గా ఇస్తే చెత్తనుకుంటారు."

"చెత్త చేసి చవగ్గా ఇస్తే చెత్తే అనుకుంటారు. పూర్తిగా ఇయ్యి, పూర్తి ధర అడుగు. లేదూ, కుదించామని మొహాన చెప్పి అమ్ము. దీన్లో పాటల్లేవు, మాటల్లేవు, మనుషులు నడవరు. చచ్చినవాళ్ళకి పడుకునే చోటు కూడా లేదు."

"ఈ డొక్కు ఫోన్లలో పట్టొద్దూ?"

"పట్టనివాటిలో పట్టదని చెప్పు."

"చెప్పడం తేలికే" అంటూ అతను కప్పు పెట్టేసి లోపలి గదిలోకి పోయాడు. కోపం లేదు, అలసట. ఈ ఆట హక్కుల కోసం అతను ఉన్న ఇల్లు అమ్మి అద్దెకి మారాడని ఇద్దరికీ తెలుసు.

తాజిగుల్ మళ్ళీ ఫోను తీసింది. ఎడమచెయ్యి భుజందాకా తిమ్మిరెక్కింది. రోజంతా ఫోను పట్టుకునే చెయ్యి కదా అని రెండుసార్లు విదిలించింది. రెండో కనుమ, మూడో కనుమ. పోరైన ప్రతిచోటా చచ్చినవాళ్ళు మిగిలిపోతున్నారు. ఖాన్ మనుషులిక దాడికి రావడం మానేశారు. అవతలి గట్టున బారులు తీరి ఊరికే ఆగారు. తెర కొంచెం నారింజరంగుకి తిరిగింది. ఆటలో పొద్దు వాలుతోంది.

అప్పుడు వినపడింది.

"పొద్దుగూకిందీ... ఇళ్ళకు రండర్రా..."

సన్నగా, దూరంనుంచి, పడుచుగొంతు. చివర్లో కొంచెం విరిగింది. తాజిగుల్ ఫోను బల్లమీద పెట్టేసింది. కాసేపు దాన్ని ముట్టుకోలేదు.

"మేరిమ్. మాటలు మళ్ళీ పెట్టావా దీన్లో?"

"లేదక్కా."

"ఒక్కటన్నా? పొద్దువాలినప్పుడు పిలిచేది?"

"ఒక్కటీ లేదు. అసలు ఆ ఫోను స్పీకరే పనిచెయ్యదు. అందుకే దానికి ఎర్ర చుక్క అంటించాను." మేరిమ్ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఆట లోపల పొద్దు ఇంకా వాలుతూనే ఉంది. "ఏం వినపడటం లేదే. మీకేం వినపడింది?"

తాజిగుల్ కళ్ళజోడు తీసి, తాడు సవరించి, మళ్ళీ పెట్టుకుంది.

"నా గొంతు" అంది.

అలా బయటపడింది. క్లబ్బులో మూలనున్న కంప్యూటర్ దగ్గర వాదిమ్ అని రష్యన్ కుర్రాడు రాత్రనక పగలనక కూర్చుని ఈ ఆట తయారుచేశాడు. అతని దగ్గర డబ్బులుండేవి కావు. ఆమె అడిగేది కాదు. ఒకనాడు, "ఆటలో సాయంత్రం జనాన్ని ఇళ్ళకి పిలవడానికో ఆడగొంతు కావాలి. మీ కొండల్లో మిమ్మల్ని ఎలా పిలిచేవాళ్ళు?" అని అడిగాడు. పుట్టిపెరిగిన నారిన్ దగ్గర కొండమీది వేసవి గుడారం ముందు నిలబడి తాజిగుల్ తల్లి పిలిచేది. పిల్లల్నీ, గొర్రెపిల్లల్నీ, అన్నిటినీ ఒకే పిలుపుతో. వాదిమ్ పిల్లలందరినీ మెట్ల మీదికి తరిమేసి, చప్పుడు దూరకుండా ఆమె తల మీద దుప్పటి కప్పి, లోపలికి మైకు దూర్చాడు. ఆ చీకట్లో, చెమటవాసనలో ఆమె అమ్మలా పిలిచింది. చివర్లో గొంతు విరిగింది. మళ్ళీ పిలుస్తానంటే వాదిమ్ వద్దన్నాడు. తరవాత అతను రష్యాలోని నోవొసిబిర్స్క్ వెళ్ళిపోయాడు, అక్కడే పోయాడు.

"ఎవరికీ చెప్పలేదేం?" అంది మేరిమ్.

"ఏమని చెప్పను? పేరన్నా వెయ్యలేదు. నాకెవరున్నారు చెప్పుకోడానికి? తమ్ముడికి చెబితే నవ్వాడు." ఆమె ఫోను తుడిచింది. "కానీ క్లబ్బులో సాయంత్రాలు అన్ని కంప్యూటర్లలోంచీ ఒకదాని వెనక ఒకటి నేనే పిలిచేదాన్ని. పిల్లకాయలు నిజంగానే లేచేవాళ్ళు తల్లీ. కోట్లు వేసుకునేవాళ్ళు."

లోపలి గది తలుపు దగ్గర ఎర్మెక్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూడలేదు.

"ఆ గొంతు మీదా?" అన్నాడు.

"నాదే."

అతను గడ్డం గీరుకున్నాడు. "మా అమ్మ అప్పుడు మాస్కోలో గిన్నెలు తోముతుండేది. ఇంటిదగ్గర పిలిచేవాళ్ళు లేరు. మీరు అక్కడ గల్లాపెట్టె దగ్గర కూర్చుని డబ్బులడుగుతుంటే, ఆ పిలుపు మాత్రం మా అమ్మదనుకుని..." మేరిమ్ వైపు తిరిగాడు. "గొంతులన్నీ పెట్టెయ్. పాటలూ, నడకలూ. పట్టని ఫోన్లలో పట్టదని ముందే రాద్దాం. ఏడు కనుమలూ కలిపి ఒకటే ధర."

"రేపు వదలొద్దూ?"

"వదలం. జతగానే అమ్ముదాం సాక్సులు." ఆ చివరి మాట తాజిగుల్‌తో అన్నాడు. అని కోటు తీసుకుని బయటి మెట్ల మీదికి సిగరెట్టుకి పోయాడు.

తాజిగుల్‌కి సంతోషంగానే ఉంది. కానీ గుండె మీద ఎవరో తడి ఉన్నిమూట పెట్టినట్టుంది. టీ ఎక్కువైందేమో అనుకుంది. కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని, చుక్క అంటించిన ఫోన్లో ఆట ఆపినచోటునుంచి మొదలుపెట్టింది. వెనక మేరిమ్ వేళ్ళు గబగబా మీటలు కొడుతున్నాయి, పాత కంప్యూటర్ ఆటలోంచి గొంతుల్ని వెదికి తీస్తోంది. బయట పొగ నీలంగా మారుతోంది. వీధిలో ట్రాలీబస్సు వెళ్ళిన చప్పుడు వినపడింది గాని బస్సు కనపడలేదు.

తెర మీద ఏడో కనుమ. మైదానం నిండా నిలబడ్డ మనుషులు. ఒక ఆటలో చచ్చినవాళ్ళు అంతమంది ఉండరు. నిన్నటి ఆటలో, మొన్నటి ఆటలో పోయినవాళ్ళు కూడా ఉన్నట్టున్నారు. మొహాలు వేలిగోరంత కూడా లేవు. అయినా అవి తనవైపే ఎత్తి ఉన్నాయని ఆమెకు తెలుస్తోంది. దేనికోసమో కాచుకున్నారు.

మళ్ళీ తెర నారింజరంగుకి తిరిగింది.

"పొద్దుగూకిందీ... ఇళ్ళకు రండర్రా..."

ఈసారి ఆమె ఉలిక్కిపడలేదు. చెవి ఒగ్గింది. గొంతు విరిగే చోటు వచ్చింది. కానీ విరగలేదు. సాఫీగా, నిదానంగా చివరిదాకా సాగింది. అప్పుడు తెలిసింది, అది తనది కాదు. ఆనాడు దుప్పటి కింద తను ఎవరిలా పిలవబోయిందో, ఆమెది.

మైదానంలో మొదట ఒక్కడు కదిలాడు. విల్లు దించాడు. జారలేదు. అడుగు తీసి అడుగు వేస్తూ గూడెం వాకిలివైపు నడిచాడు. వాడి వెనక ఇంకొకడు. తరవాత అందరూ. ఖాన్ మనుషులు కూడా, ఎవరూ ఎవరినీ తోసుకోకుండా, పని ముగించుకున్న కూలీల్లా తలలు వంచుకుని. తాజిగుల్ దారి ఇవ్వడానికన్నట్టు తెరమీదినుంచి వేలు తీసేసింది.

"వస్తున్నా" అంది మెల్లగా.

మేరిమ్‌కి అది వినపడింది. ఫోన్లో తమ్ముడితో మాట్లాడుతోందనుకుంది. వెదికిన గొంతు అప్పుడే దొరికింది ఆ పిల్లకి. పని పూర్తిచేసి, సరిగ్గా పలుకుతోందో లేదో చూడడానికి కొత్త ఫోన్లో పెట్టి, స్పీకరు పెద్దది చేసి, "అక్కా, వినండి!" అంటూ మీట నొక్కింది. చీకటి పడుతున్న గదిలో ముప్ఫై ఏళ్ళనాటి గొంతు గట్టిగా పిలిచింది, చివర్లో విరిగింది.

కిటికీ దగ్గర తల కొంచెం పక్కకి వాల్చి తాజిగుల్ అలాగే కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను ఆరిపోయింది. మేరిమ్ దగ్గరికెళ్ళి భుజం తట్టింది. తరవాత చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదలకుండానే ఎర్మెక్‌ని కేకేసింది.

తమ్ముడొచ్చి ఆమెను నారిన్ తీసుకెళ్ళాడు. కొండమీద నేల గడ్డకట్టి ఉంటే టైర్లు కాల్చి మెత్తబరిచి గొయ్యి తవ్వారట. ఆట వసంతంలో బయటికొచ్చింది, ఒకటే ధరకి. కొన్నవాళ్ళు తక్కువ. కొన్నవాళ్ళు మాత్రం దాచుకున్నారు. మొదటి తెరమీద గొంతు ఎవరిదో పేరు వేశారు. నిలబడిపోయే చచ్చినవాళ్ళ కోసం మేరిమ్ ఆ ఎర్రచుక్క ఫోన్లో ఎన్నో రోజులు వెదికింది. మైదానం ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంది. ఒక్కడూ మిగల్లేదు.

ఆఫీసులో నడిచే మెత్తటి చెప్పులతోనే ఆమెను మోసుకెళ్ళారు గనక, బయటి బూట్లు తలుపు పక్కనే ఉండిపోయాయి. ఆమె ఎప్పుడూ వాటి ముందుకొసలు గోడవైపు పెట్టేది. ఎవరు తిప్పారో తెలియదు, ఎవరూ అడగలేదు. మంచునీళ్ళు ఎండి తెల్లచార పడ్డ తోలు, లోపల పాదం ఆకారంలో అణిగిన ఉన్ని, ముందుకొసలు వీధివైపు తిరిగి, కాళ్ళు దూర్చుకుంటే చాలన్నట్టు ఉన్నాయి బూట్లు.