టమేటా ధరల పేజీ

ఆఖరి ప్రాజెక్టు ఎవరిది బాగుంటే వాళ్లకు హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం. ముప్పై మందిలో ఒక్కరికే! కర్నూలు కొత్త బస్టాండు దగ్గరి ట్రైనింగ్ సెంటర్లో మూడు నెలలుగా సాజియాకు అదే ధ్యాస.

వెబ్ పేజీలు తయారుచేసే రియాక్ట్ నేర్పే రంగనాథ్ సారు పద్ధతి మనిషి. పేజీని చిన్న చిన్న ముక్కలు చేయాలి, ఒక్కో ముక్క ఒక్కో కాంపోనెంటు. ఒక ఫైలులో ఒక్కటే ఉండాలి, దాని పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. "పదిమంది రాసినా ఒక్కరే రాసినట్లుండల్ల. ఎవురి చెయ్యీ కనపడగూడదు" అనేవాడు. సాజియా ఆ మాటను ప్రాణం పెట్టి పాటించింది.

అందరికీ ఇచ్చిన ప్రాజెక్టు ఒక్కటే, టమేటా మార్కెట్ ధరలు చూపించే పేజీ. పత్తికొండ నుంచి వచ్చే చంద్ర, ఆమె పక్క సీటువాడు, అంతా ఒకే ఫైలులో కుక్కేశాడు.

"యాడ కత్తిరించాల్నో తెలీకుండా ఉండాదక్కా. రోంత చూడవా?"

జాలిపడి చేసిందనుకునేరు, కాదు. ఆ గందరగోళం చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు, అంతే. రెండు రోజులు కూర్చుని మొత్తం తిరగరాసి ఇచ్చింది. ఏది ఎందుకు రాసిందో కూడా విడమరిచి చెప్పింది. ఈలోగా తన ప్రాజెక్టు ఇవ్వడం ఒక రోజు ఆలస్యమైంది.

అందరిలోకీ బాగున్నవి చంద్రదీ సాజియాదీ అని సారు ఆ రెండూ పక్కపక్కన తెర మీద పెట్టాడు. అచ్చు గుద్దినట్లున్నాయి.

"ఎవురు ఎవురిది కాపీ కొట్టినారు?"

"రెండూ నేనే రాసినా సార్" అంది సాజియా. క్లాసంతా గొల్లుమంది.

చంద్ర ఒక్క క్షణం తల దించుకున్నాడు. "నాది నేనే రాసినా సార్" అన్నాడు. సారు ఏది అడిగినా ఆమె చెప్పిన మాటలే గడగడా అప్పజెప్పాడు. సాజియా కూడా చెప్పింది. ఏం లాభం?

"చెప్పేది ఇద్దరికీ వస్తాది. ముందు ఇచ్చింది మాత్రం చంద్ర" అని సారు తేల్చేశాడు. ఉద్యోగం వాడికి, కాపీ కొట్టిందన్న పేరు ఈమెకు. ఒళ్లు మండి, సంచి తీసుకుని బయటికి నడిచింది.

మెట్ల దగ్గర చంద్ర వెనకే వచ్చాడు.

"కోపం చేసుకోగాకక్కా. సోమారం ఉద్యోగంలో జేరల్లంట. ఆ ధరలు వెతికే డబ్బా కాంపోనెంటు ఇంగొకసారి చెప్పవా? బట్టీ గొట్టి చెప్పినా గానీ, సగమే అర్థమయినాది."

"ఏ సగం?" అని అడిగేసింది సాజియా. అడిగాక, తన నోటి మీద తానే నాలుగు కొట్టుకోవాలనిపించింది.