తోడల్లుళ్ళూ, రెండు మిషన్లూ

మా అమ్మ అల్లుళ్ళిద్దరికీ పడదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. వాళ్ళ మధ్య ఆస్తి తగాదా లేదు, మాట పట్టింపు లేదు. ఉన్నదల్లా ఒక్కటే గొడవ. తోటలో కత్తిరించిన కొమ్మల్ని ముక్కలు చేయడానికి ఎలాంటి మిషను మంచిది? మా ఆయన ఒక రకం కొన్నాడు. మా చెల్లెలి మొగుడు, అంటే మా మరిది, ఇంకో రకం కొన్నాడు. అప్పటినుంచీ నువ్వా నేనా అన్నట్టే ఉంది.

గాలివానకి అమ్మ పెరట్లోని నిమ్మచెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. దాని కొమ్మలన్నీ నరికి గేటు దాకా గుట్ట పోశారు. అవి అక్కడే ఎండకి గలగలలాడుతున్నాయి. ఆ పక్కనే కంచె మొక్కల పచ్చి కత్తిరింపులు. ఇంతకంటే మంచి అవకాశం ఏముంది? ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కార్లలో మిషన్లు వేసుకుని దిగారు. నన్ను జడ్జీగా పెట్టారు. నాకైతే కాళ్ళు నేల మీద నిలవలేదు!

అమ్మకి మాత్రం ఉత్సాహం లేదు. ఆ చెట్టు కాయలకి ఉల్లిపొర లాంటి తోలు, ఏడాది పొడుగునా కాపు. అది ఏ రకమో ఏ నర్సరీ వాడూ చెప్పలేకపోయాడు, అలాంటిది మరొకటి దొరకలేదు. చెట్టు పడిన రోజే అమ్మ మంచి పుల్లలు నాలుగు కోసి, తడిగుడ్డలో చుట్టి, కొళాయి కింద నీడలో పెట్టింది. కుండీలో పెంచుతున్న అడవినిమ్మ మొక్కకి వాటితో అంటు కట్టాలని ఆశ. మొక్కకి బాగా నీళ్ళు పెట్టి, దాని బెరడు వదులయ్యే దాకా ఆగుతోంది. ఆ పుల్లలు పోతే ఇక ఆ చెట్టు లోకంలో లేనట్టే. ఈ సంగతి నాకూ చెల్లెలికీ తెలుసు. అల్లుళ్ళకి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మా ఆయన మిషను గురించి ముందు చెబుతాను, ఎంతైనా మొగుడు కదా. లోపల గుండ్రటి ఉక్కు పళ్ళెం, దానికి బిగించిన రెండు కత్తులు. పళ్ళెం గిర్రున తిరుగుతుంది. పైనుంచి కొమ్మ తోస్తే కత్తులు దాన్ని చెక్కి కిందకి చిమ్మేస్తాయి. పెట్టామనుకునే లోపే పొట్టు! మొక్కల మొదట్లో పరవడానికి ఆ పొట్టు భలే ఉంటుంది. కాకపోతే తడి ఆకులు పడితే గొంతు పూడుకుపోతుంది. పైగా చెవులు చిల్లులు పడేంత మోత. అందుకే చెవులకి పెద్ద డిప్పలు తగిలించుకుంటాడు. అవి పెట్టుకున్నాక పెళ్ళాం అరుపులు కూడా వినపడవని ఆయనకి అదొక సంతోషం.

మరిది మిషనులో కత్తుల్లేవు. పళ్ళున్న లావుపాటి రోలరు నింపాదిగా తిరుగుతుంది. ఎదురుగా ఒక గట్టి పలక. కొమ్మ కొన అందిస్తే చాలు, రోలరు తనే లోపలికి లాక్కుని, పలకకేసి అదిమి కరకరా నములుతుంది. ముక్కలు పూర్తిగా తెగవు, నలిగి నారతో వేలాడుతూ వస్తాయి. ఎరువు గుంటలో అవి తొందరగా కుళ్ళుతాయట. ఇక మోతంటారా, పక్కనే నిలబడి కబుర్లు చెప్పుకోవచ్చు.

"అన్నయ్యా, మీది మిషనా, విమానమా?" అన్నాడు మరిది.

"నీది నమలడం అయ్యేసరికి నాది అరాయించుకుని కునుకు కూడా తీస్తుందిలే."

కొమ్మల్ని రెండు కుప్పలు చేశాం. నేను విజిల్ తేవడానికి లోపలికి వెళ్ళాను. ఆ కాస్తలోనే మా ఆయనకి న్యాయం గుర్తొచ్చింది. తోడల్లుడి కుప్ప తన కుప్ప కంటే చిన్నదని అనుమానం. అటూ ఇటూ చూశాడు. కొళాయి కింద గుడ్డలో ఏవో పుల్లలు కనిపించాయి. గుడ్డ దులిపి, పుల్లలు తీసుకెళ్ళి మరిది కుప్పలోకి తోసేశాడు. "ఇప్పుడు సమానం," అన్నాడట.

విజిల్ ఊదాను. అబ్బ, ఏం చూడముచ్చటగా ఉందో! మా ఆయన చేతిలో ఎండు కొమ్మలు ఇలా పెడితే అలా మాయం. పొట్టు జల్లులా కురుస్తోంది. నేను ఎగిరి గంతేశాను. అంతలో ఆయన కంగారులో కంచె ఆకులు గంపెడు ఒక్కసారే కుక్కాడు. మిషను గుర్రుమని ఆగిపోయింది. ప్లగ్గు పీకి, మూత విప్పి, తడి పేస్టంతా గోకుతున్నాడు. ఈలోగా మరిది మోచేతంత లావు కొమ్మల్ని ఒక్కొక్కటే అందిస్తూ ముందుకి పోతున్నాడు. చెల్లెలు పూనకం వచ్చినదానిలా చప్పట్లు కొడుతోంది. మా ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఇద్దరికీ చివరి చేరెడు కొమ్మలే మిగిలాయి.

అప్పుడు వినిపించింది అమ్మ కేక.

"ఆపండి! నా పుల్లలు!"

ఖాళీ గుడ్డ చేత్తో పట్టుకుని కొళాయి దగ్గర నిలబడి ఉంది. మరిది మిషను నోట్లోకి పచ్చటి పుల్లలు నాలుగూ మెల్లగా జారుతున్నాయి.

మరిది ఎర్ర బటన్ మీద ఒక్కటేశాడు. రోలరు ఆగింది. పుల్లలు లోపల, వాటి కొసలు మాత్రం బయట. చెల్లెలు లాగబోయింది.

"లాగకే! బెరడు ఊడొచ్చేస్తుంది!" అంది అమ్మ.

"ఉండండత్తయ్యా, వెనక్కి తిప్పుతాను," అని మరిది ఇంకో మీట మార్చాడు. రోలరు వెనక్కి తిరిగింది. మింగినవాటిని కక్కుతున్నట్టు పుల్లల్ని అంగుళం అంగుళం బయటికి తోసింది. మేమంతా మోకాళ్ళ మీద కూర్చున్నాం.

సరిగ్గా అప్పుడే వెనక మోత ఆగింది. మా ఆయన చెవి డిప్పలు తీసి, రెండు చేతులూ పైకెత్తి, "గెలిచాను!" అని అరిచాడు. ఎవరూ తల తిప్పలేదు. దగ్గరికొచ్చి చూశాడు. అమ్మ చేతిలో నలిగిన పుల్లలు, నేల మీద తడిగుడ్డ. నేను విషయం చెప్పాను.

"నేనే వేశాను. సమానం చేద్దామని..." అన్నాడు.

అమ్మ అప్పటికే పుల్లల్ని వెలుతురులో పట్టుకుని వేలితో తడుముతోంది. రోలరు పళ్ళు దిగిన చోటల్లా నుజ్జు. పంటికీ పంటికీ మధ్య మాత్రం కాస్త బెరడు మిగిలింది. ఒక పుల్ల, రెండో పుల్ల, మూడోది. ఏ మొగ్గ కన్ను చూసినా చితికిందే. నాలుగో పుల్ల దగ్గర వేలు ఆగింది.

"ఇదిగో! ఇది బతికుంది!"

అంటు కట్టడానికి ఒక్క కన్ను చాలు. ఆకు మొదట్లో గింజంత పచ్చటి మొగ్గ, అంతే. ఇంక ఆగడానికి లేదు. అమ్మ కుండీ మొక్కకి కత్తితో గాటు పెట్టింది. బెరడు తేలిగ్గా లేచింది! చెల్లెలూ నేనూ ఒకరి చేతులొకరు నలిపేసుకున్నాం. అమ్మ ఆ కన్నుని చిన్న బెరడు ముక్కతో సహా కోసి, ఆ గాట్లోకి జొనిపి, ప్లాస్టిక్ పట్టీతో చుట్టింది. కన్ను పక్కన పాత ఆకు తొడిమ పుల్లముక్కలా పొడుచుకుని ఉంది.

ఆ తర్వాత మా ఆయన వరస చూడాలి. ఆఫీసు నుంచి తిన్నగా అత్తగారింటికే. కుండీ ఎండలో ఉంటే నీడకి, నీడ ఎక్కువైతే వెలుగులోకి. ముట్టుకోవడానికి మాత్రం భయం. "నా చెయ్యి మంచిది కాదండీ," అనేవాడు. జోకులేద్దామనుకుని, ఆ ముఖం చూసి మానుకునేదాన్ని.

కొన్ని వారాలకి అమ్మ అందర్నీ పిలిచింది. పట్టీ విప్పింది. కన్ను ఎలా ఉందో మాకెవరికీ అంతుపట్టలేదు.

"పెద్దల్లుడు గారూ, ఆ తొడిమని వేలితో ఒక్కసారి తాకండి."

"నేనా? వద్దండత్తయ్యా."

"మీరే తాకాలి."

ఆయన వేలు ముందుకి చాచి, తాకీ తాకనట్టు తాకాడు. తొడిమ పుటుక్కున ఊడి కుండీలో పడింది.

"అయ్యో! గట్టిగా తాకలేదండీ! ఒట్టు, గట్టిగా తాకలేదు!"

"అది రాలాలనే కదండీ తాకమన్నాను!" అంది అమ్మ సంబరంగా. "కన్ను చచ్చిపోతే తొడిమ ఎండి అతుక్కుపోతుంది. బతికింది కాబట్టే వదిలేసింది. చెట్టు నిలబడిందండీ!"

మా ఆయన కుండీ పక్కనే నేల మీద చతికిలబడి, నవ్వుతూనే భోరుమన్నాడు.