సిపాయిలకు తిండి బంద్

మనుమడు సురేష్‌కు చిన్నతనంలనే షుగర్ వచ్చి, పూటపూటకూ సూది పొడుచుకునే బతుకయినంక, నాయనమ్మ వెంకటనర్సమ్మ పాణమంతా చిన్న మనుమరాలు పద్మశ్రీ మీదనే పెట్టుకుంది. దీనికన్న రాకుంటే చాలు.

షుగరున్న పిల్లల తోబుట్టువులకు ఉప్పల్‌ల ఒక ల్యాబుల కొత్త పరీక్ష చేస్తున్నరంటే, నాచారం నుంచి ఆటోల తనే తోలుకపోయింది. కొడుకు, కోడలు కంపెనీ డ్యూటీల ఉంటిరి, ఎవరికి తీరిక?

అక్కడి డాక్టరమ్మ ఉదయశ్రీ కోస్తా మనిషి. ఓపిగ్గా చెప్పింది.

"మామ్మగారూ, ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు సిపాయిల్లాంటివి. కొందరిలో అవి దారితప్పి, ఇన్సులిన్ తయారుచేసే కణాల మీదే పడతాయి. రక్తంలోని సిపాయిల్ని ఈ పళ్లెం గుంటల్లో పోసి, ఇన్సులిన్ ముక్క కలుపుతాం. దాన్ని చూసి కోపమొచ్చిన సిపాయి ఉన్నచోట చుక్క పడుతుంది."

"చుక్క పడొద్దు తల్లీ," అని ముసలామె ఆ పళ్లేనికే దండం పెట్టింది.

పడ్డయి. మూడోనాడు పోయి చూస్తే, తెల్ల ధోతి మీద పాన్ తుంపర్ల లెక్క పడ్డయి.

"మరి మందియ్యి బిడ్డా."

"దీన్ని ఆపే మందు ఇంకా లేదండీ. కనిపెట్టుకుని ఉండండి. దాహమేసినా, చిక్కిపోయినా వెంటనే తీసుకురండి."

మందు లేదంటే చేతులు ముడుచుకొని కూసుండే మనిషా ఆమె? ఆటోల వస్తుంటే ఒకటే ఆలోచన. సిపాయిలకు బలం యాడ్నుంచొస్తది? తిండి నుంచే గదా! పొద్దుటి గుడ్డు బంద్. పాలు బంద్. పప్పుల నెయ్యి బంద్. కోడలు డ్యూటీకి పోంగనే పిల్ల పళ్లెంల అన్నం సగం తీసేసేది.

"గింతేనా నాయనమ్మా? నేనేమన్న పిట్టనా?"

"పిట్టవే బిడ్డా, నా పిట్టవే," అని నవ్విచ్చి, తను పక్కకు పోయి కొంగు నోట్ల కుక్కుకునేది.

వానలు పడేసరికి పిల్ల మెడబొక్కలు తేలినయి. కోడలు సూర్యకళ గౌను తొడుగుతూ ఆగిపోయింది. "అత్తమ్మా, ఇదేంది గిట్ల చిక్కింది? షుగరేనా?"

ముసలామె పిల్లను మళ్ల ఉప్పల్ ల్యాబుకే తోలుకపోయింది. రోగం చిక్కిచ్చిందా, తన చెయ్యి చిక్కిచ్చిందా?

పిల్లను బయట బెంచీ మీద కూసోబెట్టి, డాక్టరమ్మ ముందట అంతా కక్కేసింది. డాక్టరమ్మ బయటికి పోయి పిల్ల వేలు పొడిచి షుగర్ చూసొచ్చింది, తల దించుకుంది.

"వచ్చేసిందండీ. మీరు పెట్టినా వచ్చేదే, మాన్పించినా వచ్చేదే. తిండితో ఆ సిపాయిలు ఆగవు."

"అంటే ఉట్టిగనే కడుపు మాడ్చిన్నా?"

డాక్టరమ్మ ఇన్సులిన్ సూదికి చీటి రాసిచ్చింది. సూది లేకుండ కడుపునిండ తినే దినాలు ఆ పిల్లకు కొన్నే మిగిలుండె. ఆ కొన్నీ నాయనమ్మే లాగేసుకుంది.

బయటికి రాంగనే పద్మశ్రీ కొంగు పట్టుకుంది. "నాయనమ్మా, ఆకలైతుంది. ఇప్పుడన్న తినొచ్చా?"

"సూది ఇయ్యనీ బిడ్డా," అంది ముసలామె. "అది అయినంక."