సాక్ష్యానికి వచ్చిన అక్క

తమ్ముడి బద్ధకం గురించి మాట్లాడమంటే వార్డెనమ్మకు ఆకలిదప్పులు గుర్తుండవు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. తల్లి పోయాక తమ్ముణ్ణి కూడా హాస్టల్ పద్ధతిలోనే పెంచింది, కాకపోతే హాస్టల్లో పిల్లలకు సెలవులుండేవి. నలభై దాటిన ఆ తమ్ముడికి ఏదో జబ్బుందని ఒక డాక్టర్ అనుమానిస్తోందని వినగానే ఆమె ఇంతెత్తున లేచింది.

"ఒళ్ళు వంగకపోవడానికి కూడా పేరు పెట్టేశారా? మందు నన్నడిగితే నేను చెప్పేదాన్నిగా, వీపు మీద రెండు!" అంది.

తమ్ముడు ఎలక్ట్రీషియన్. పని పూర్తంటూ అయితే అతని పనితనానికి వంక పెట్టేవాళ్ళు లేరు. ఫ్యాను బాగుచేయడానికి నిచ్చెనెక్కుతాడు, కాలింగ్ బెల్ వైరు కంటపడుతుంది, దిగి దాన్ని విప్పుతాడు, ఇంతలో నీళ్ళ మోటారు శబ్దం తేడాగా వినిపిస్తుంది. సాయంత్రానికి ఆ ఇంట్లో ఫ్యానూ తిరగదు, బెల్లూ మోగదు, నీళ్ళూ ఎక్కవు. ఒకసారి ఒక క్లినిక్‌లో ట్యూబ్‌లైటు మార్చడానికి వెళ్ళి గోడ గడియారం విప్పుకుని కూర్చుంటే, అక్కడి మానసిక వైద్యురాలు తిట్టలేదు. "మీకు చిన్నప్పటి నుంచీ ఇలాగేనా?" అని అడిగింది. అతను నవ్వి ఊరుకున్నాడు.

మొన్న ఒక ఇంట్లో మంచం పక్కనున్న స్విచ్‌బోర్డుకు మూత బిగించడం మరిచి వచ్చేశాడు. ఆ ఇంట్లో అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల ఉంది. అతనికి పనులిచ్చే కాంట్రాక్టర్ అతని చేతిలోంచి టెస్టర్ లాక్కుని, "ఇదేమిటో చూపించుకుని రా, లేకపోతే అసలు రాకు" అన్నాడు. అప్పుడు పరిగెత్తాడు ఆ డాక్టర్ దగ్గరికి.

ఏడీహెచ్‌డీ, అంటే మనసు ఒక పని మీద నిలవని జబ్బు, కావచ్చంది ఆమె. పెద్దవాళ్ళలోనూ ఉంటుంది గానీ పెద్దయ్యాక కొత్తగా పుట్టుకురాదు కాబట్టి, చిన్నతనం తెలిసిన మనిషిని తీసుకురమ్మంది. అలాంటి మనిషి అక్క ఒక్కతే. అతని కూడు ఇప్పుడు ఆమె నోటి మాట మీద ఉంది. ఆ నోటి సంగతి తెలుసు కనుక గడ్డం పట్టుకుని బతిమాలి తీసుకొచ్చాడు.

ఆమె వచ్చింది అతణ్ణి గట్టెక్కించడానికి కాదు. పిల్లాడు బద్ధకస్తుడైతే తప్పు పిల్లాడిది. రోగి అయితే, ఇన్నేళ్ళూ కనిపెట్టలేని తప్పు ఎవరిది? ఆ ప్రశ్నను ఆమె మనసులోకి రానివ్వలేదు.

తమ్ముణ్ణి బయట కూర్చోబెట్టి డాక్టర్ అడగడం మొదలుపెట్టింది.

"ఉప్పు తెమ్మంటే ఉత్త చేతులతో వచ్చేవాడు. ఏమిట్రా అంటే, దారిలో ఎవరో సైకిలు బాగుచేస్తుంటే చూస్తూ నిలబడ్డాడట!"

"అప్పుడు వయసెంతమ్మా?"

"ఏడో ఎనిమిదో. పుస్తకం తెరిస్తే చూపంతా కిటికీ బయటే. అదే రేడియో విప్పాలంటే మాత్రం తిండి కూడా అక్కర్లేదు. బద్ధకం కాకపోతే ఏమిటి డాక్టర్ గారూ?"

"నచ్చినదానికి అలా అతుక్కుపోవడం, అదీ ఇందులో భాగమేనమ్మా."

"ఏం చెప్పినా ఇందులో భాగమేనా? వచ్చేటప్పుడు నా చెప్పు తెగింది, అదీ ఇందులో భాగమేనా?"

డాక్టర్ నవ్వి రాసుకుంది. ఒక్కో నేరం చెప్పేకొద్దీ కేసు గెలుస్తున్నానని వార్డెనమ్మ పొంగిపోయింది. తను ఏ పక్షపు సాక్షో ఆ మహాతల్లికి తెలియదు. ఉత్సాహం ఆపుకోలేక కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అసలు సంగతి వినండి. పరీక్షలప్పుడు వీణ్ణి కుర్చీకి కట్టేసేదాన్ని. నవ్వొస్తుంది గానీ, తాడు కూడా వాడే తెచ్చిచ్చేవాడండీ! 'గట్టిగా కట్టక్కా, లేచిపోతాను' అనేవాడు."

పడీపడీ నవ్వింది. డాక్టర్ నవ్వలేదు.

"ఎగ్గొట్టాలనుకునేవాడు తాడెందుకు తెస్తాడమ్మా?"

తాడు పట్టుకుని చేతులు రెండూ ముందుకు చాపి నిలబడ్డ పిల్లాడు వార్డెనమ్మ కళ్ళ ముందుకొచ్చాడు. ఆ రోజు కూడా ఆమె ఇలాగే నవ్వింది. సిగ్గుతో ముఖం మండిపోయింది.

"బీపీ, గుండె చూసి మాత్రలు మొదలుపెడదాం" అంటోంది డాక్టర్. "మాత్రలొక్కటే చాలవు. ఒక పని మూశాకే ఇంకోటి తెరవడం కూడా నేర్పిస్తాం. కాంట్రాక్టర్‌తో నేను మాట్లాడతాను."

అక్క బయటికి రాగానే తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"చెడగొట్టావా అక్కా?"

"లేదురా. మందులిస్తారట. పని పోదులే." అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అలవాటైన నోరు కదా! "అయినా, ఒక్కసారంటే ఒక్కసారి, 'నా వల్ల కావట్లేదక్కా' అని నాతో చెప్పి ఉండొచ్చు కదరా?"

అతను ఆమె సంచీ అందుకున్నాడు. గొంతులో కోపమేమీ లేదు.

"చెప్పేవాణ్ణి కదక్కా. దానికే కదా కొట్టేదానివి."